ఆటలాడే పిల్లలకు అమెరికా కాలేజీల్లో మెరిట్ స్కాలర్‌షిప్: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో హైస్కూల్ చదువుతూ ఏదో ఒక ఆట గట్టిగా ఆడే పిల్లలున్న తెలుగు ఇళ్లలో తిరిగే ప్రశ్నలివి. టోర్నమెంట్‌లో కోర్టు పక్కన మడత కుర్చీల్లో కూర్చున్నప్పుడు, గుడి పార్కింగ్‌లో, రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో, ఎక్కడైనా ఇవే. నేను ఎక్కువగా చూసింది టెన్నిస్ పిల్లల ఇళ్లను కాబట్టి ఉదాహరణలు అటే మొగ్గుతాయి, ఈత, గోల్ఫ్, ట్రాక్ వాళ్లకు కూడా లెక్క చాలావరకు ఇదే. ఆట వల్ల సీటు రావచ్చు గానీ ఫీజు తగ్గించేది మాత్రం మన ఇళ్లలో చాలాసార్లు మార్కులే. కింద జవాబులన్నీ ఆ వైపు నుంచి రాసినవే.

మెరిట్, అథ్లెటిక్, నీడ్... ఇవన్నీ ఒకటి కాదా?

కాదు, మూడూ వేర్వేరు జేబుల్లోంచి వచ్చే డబ్బు. నీడ్ ఎయిడ్ మీ ఆదాయం, ఆస్తులు చూసి ఇచ్చేది. దానికి ఫ్యాఫ్సా, అంటే ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం ఫారం నింపాలి, చాలా ప్రైవేటు కాలేజీలకు దానితోపాటు కాలేజ్ బోర్డు వాళ్ల సీఎస్ఎస్ ప్రొఫైల్ కూడా. భార్యాభర్తలిద్దరూ ఐటీలో ఉన్న ఇంట్లో ఇక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మెరిట్ అంటే జీపీఏ, శాట్ లేదా యాక్ట్ స్కోరు, ఎస్సేలు వగైరా చూసి కాలేజీ తనంతట తాను ఇచ్చేది, మీ జీతంతో దానికి పనిలేదు. అథ్లెటిక్ స్కాలర్‌షిప్ కోచ్ చేతిలో ఉండే బడ్జెట్. ఈ మూడో దాని మీదే అందరి కళ్లూ ఉంటాయి, చాలామందికి అందులోంచే అన్నిటికంటే తక్కువ వస్తుంది.

మావాడు రోజూ మూడు గంటలు ప్రాక్టీస్ చేస్తాడు, స్టేట్ ఆడాడు. ఫుల్ రైడ్ (చదువు ఖర్చంతా కాలేజీయే పెట్టుకోవడం) వస్తుందా?

వస్తే సంతోషమే, కానీ దాన్ని నమ్ముకుని లెక్కలు వేయకండి. హైస్కూల్లో ఆడే పిల్లల్లో అథ్లెటిక్ స్కాలర్‌షిప్ దక్కేది 2 శాతం మందికి అని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ స్వయంగా చెబుతుంది. అందులోనూ ఎక్కువ భాగం పూర్తి ఫీజు కాదు, ముక్కలు. 2025 ముందు దాకా డివిజన్ 1 (ఎన్‌సీఏఏ మూడు డివిజన్లలో ఆట స్థాయి ఎక్కువగా ఉండేది) పురుషుల టెన్నిస్ జట్టు మొత్తానికి ఉన్న పరిమితి 4.5 స్కాలర్‌షిప్‌లు. దాన్ని ఎనిమిది, పది మందికి పంచితే ఒక్కొక్కరికి ఏం మిగులుతుందో మీరే చూసుకోండి. పురుషుల గోల్ఫ్‌కీ అదే 4.5, ఈతకు 9.9. ఆడపిల్లల టెన్నిస్‌కు 8 పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండేవి, అందుకే అమ్మాయిల లెక్క, అబ్బాయిల లెక్క ఒకటి కాదు.

ఇంకో సంగతి, డివిజన్ 1 పురుషుల టెన్నిస్‌లో సగానికి పైగా ఆటగాళ్లు విదేశాల నుంచి వచ్చినవాళ్లు. స్పెయిన్‌లోనో అర్జెంటీనాలోనో మట్టి కోర్టుల మీద ప్రొఫెషనల్ టోర్నమెంట్లు ఆడి, 19 ఏళ్లకు వచ్చిన కుర్రాడితో మీ వాడు పోటీ పడాలి. పెద్ద జట్లలో యూటీఆర్ (టెన్నిస్ ఆటగాడి స్థాయి చెప్పే రేటింగ్) 12, 13 ఉండటం మామూలు విషయం. స్టేట్ ఆడటం గొప్పే, కాదనను, కానీ కోచ్ చూసేది స్టేట్ మెడల్‌ని కాదు, ఆ నంబర్‌ని.

మన పిల్లలు ఆ స్థాయికి చేరలేదా అంటే చేరారు. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో ఆడి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండ్లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. గోల్ఫ్‌లో సాహిత్ తీగల పెప్పర్‌డైన్ యూనివర్సిటీ నుంచి వచ్చి 2023లో పీజీఏ టూర్ టైటిల్ కొట్టాడు. కానీ వాళ్లు హైస్కూల్ నాటికే దేశమంతా పేరు తెలిసిన జూనియర్లు. మీ అమ్మాయో అబ్బాయో ఆ వరుసలో ఉంటే కోచ్‌లే మీ వెంట పడతారు, ఈ పేజీతో మీకు పనే ఉండదు.

2025లో రూల్స్ అన్నీ మారిపోయాయట, ఇప్పుడు డబ్బు ఎక్కువ ఇస్తారట కదా?

మారాయి. కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కు 2025 జూన్‌లో కోర్టు ఆమోదం వచ్చింది. అందులో చేరిన కాలేజీలకు ఆ స్కాలర్‌షిప్ పరిమితులు పోయి, జట్టులో ఎంతమంది ఉండొచ్చనే రోస్టర్ పరిమితి వచ్చింది. టెన్నిస్‌కు 10, గోల్ఫ్‌కు 9. అంటే కాగితం మీద పది మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వచ్చు. ఇవ్వచ్చు అంటే ఇస్తారని కాదు. అదే సెటిల్‌మెంట్ ప్రకారం కాలేజీలు మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకు చెల్లించవచ్చు, అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కి, బాస్కెట్‌బాల్‌కి పోతుంది, టెన్నిస్, ఈత లాంటి ఆటలకు మిగిలేది తక్కువ.

మనవాళ్లకు తగిలే దెబ్బ ఇంకోచోట ఉంది. ఇదివరకు స్కాలర్‌షిప్ లేకపోయినా వాక్ ఆన్‌గా జట్టులో పన్నెండోవాడిగా, పదమూడోవాడిగా ఉండేవాళ్లు, మెరిట్ మీద చదువుకుంటూ జెర్సీ వేసుకునేవాళ్లు. రోస్టర్ పరిమితి వచ్చాక ఆ చోటు తగ్గింది. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) ఉంది కాబట్టి కొందరు కోచ్‌లు 18 ఏళ్ల ఫ్రెష్‌మన్ కన్నా కాలేజీలో రెండేళ్లు ఆడి రాటుదేలిన ట్రాన్స్‌ఫర్ విద్యార్థినే ఇష్టపడుతున్నారు.

అన్నట్టు, మీ పై ఇంటి అక్క వాళ్లబ్బాయి ‘ఎన్ఎల్ఐ సంతకం పెట్టాడు’ అని విని ఉంటారు. ఎన్ఎల్ఐ అంటే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్, ఆ కాలేజీలోనే చేరతానని ఆటగాడు రాసిచ్చే పత్రం, ఆ పద్ధతిని 2024 అక్టోబర్‌లో ఎత్తేశారు. ఇప్పుడు సంతకం పెట్టేది కాలేజీ ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందం మీద.

డివిజన్ 3లో అథ్లెటిక్ స్కాలర్‌షిప్ అసలు ఉండదంటారు. మరి అక్కడికి ఎందుకు వెళ్లాలి?

నన్ను అడిగితే ముందు అక్కడే చూడమంటాను. ఉండదన్న మాట నిజమే, ఒక్క డాలర్ కూడా ఆట పేరుతో ఇవ్వకూడదు. కానీ మెరిట్ ఇవ్వచ్చు, నీడ్ ఎయిడ్ ఇవ్వచ్చు, డివిజన్ 3 ఆటగాళ్లలో ఐదుగురిలో నలుగురికి ఈ రెంటిలో ఏదో ఒకటి అందుతుందని ఎన్‌సీఏఏ చెబుతుంది. సుమారు 430 కాలేజీలతో ఇది మూడింటిలోకీ పెద్ద డివిజన్.

మన ఇళ్లలో డివిజన్ 3 అనగానే మూడో తరగతి కాలేజీ అన్నట్టు మొహం పెడతారు. ఎంఐటీ, కాల్‌టెక్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, జాన్స్ హాప్కిన్స్, కార్నెగీ మెలన్, ఎమరీ, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ... వీళ్ల టెన్నిస్ జట్లన్నీ డివిజన్ 3లోనే ఆడతాయి. ఆ అంకె ఆట నిబంధనలకు సంబంధించినది, చదువుకు సంబంధించినది కాదు.

లెక్క ఎలా తేలుతుందో చూడండి. అంకెలు ఉదాహరణకే. ఏడాదికి 80 వేల డాలర్లయ్యే ఒక డివిజన్ 1 ప్రైవేటు కాలేజీ కోచ్ 25 శాతం ఇస్తానన్నాడనుకుందాం, మీ జేబులోంచి 60 వేలు. 75 వేలయ్యే డివిజన్ 3 కాలేజీ మార్కులు చూసి 35 వేల మెరిట్ ఇచ్చిందనుకుందాం, మీరు కట్టేది 40 వేలు. నాలుగేళ్లకు తేడా 80 వేల డాలర్లు. మొదటి దానికి ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు ఎక్కువ వస్తాయి, అది ఒప్పుకుంటాను.

అయితే డివిజన్ 3లో అన్నీ మెరిట్ ఇవ్వవు, ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. ఎంఐటీ, కాల్‌టెక్, విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్ లాంటివి నీడ్ చూసే ఇస్తాయి, మెరిట్ పేరుతో ఏమీ ఇవ్వవు. కేస్ వెస్టర్న్, యూనివర్సిటీ ఆఫ్ రోచెస్టర్, శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ లాంటివి మెరిట్ ఇస్తాయి. ఎమరీలో వుడ్రఫ్ స్కాలర్‌షిప్ ఉంది, అది చాలా పెద్దది, చాలా కొద్దిమందికే.

ఐవీ లీగ్‌లో?

హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ కాలేజీలు డివిజన్ 1లో ఆడతాయి, అథ్లెటిక్ ఇవ్వవు, మెరిట్ కూడా ఇవ్వవు, నీడ్ మాత్రమే. హౌస్ సెటిల్‌మెంట్‌లో కూడా చేరలేదు. అక్కడ ఆట వల్ల వచ్చేది డబ్బు కాదు, కోచ్ మద్దతుతో అడ్మిషన్. మీ ఆదాయం ఎక్కువైతే పూర్తి ఫీజు, ఏడాదికి 90 వేల డాలర్ల లెక్కలో, కట్టగలరా లేదా అన్నది పిల్లాడు తొమ్మిదో తరగతిలో ఉండగానే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. పన్నెండో తరగతి డిసెంబర్లో కాదు.

ఏ కాలేజీ ఎంత మెరిట్ ఇస్తుందో ముందే ఎలా తెలుస్తుంది?

చాలామందికి తెలియని మంచి దారి ఒకటుంది. దాదాపు ప్రతి కాలేజీ ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం పెడుతుంది. గూగుల్‌లో కాలేజీ పేరు పక్కన ఈ మాట కొట్టి, పీడీఎఫ్ తెరిచి, హెచ్2ఏ అన్న పట్టికకు వెళ్లండి. నీడ్ లేకపోయినా కాలేజీ డబ్బు ఎంతమందికి ఇచ్చింది, సగటున ఎంత ఇచ్చింది అన్నది అక్కడ ఉంటుంది. దాని కిందే అథ్లెటిక్ స్కాలర్‌షిప్ ఎంతమందికి, సగటు ఎంత అన్నదీ ఉంటుంది. మొదటి సంవత్సరం విద్యార్థుల మొత్తం సంఖ్య అదే పత్రంలో దొరుకుతుంది, భాగించి చూడండి. నూటికి ఇద్దరికి ఇచ్చే కాలేజీకి, నూటికి నలభై మందికి ఇచ్చే కాలేజీకి తేడా ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కౌన్సిలర్‌కి వేల డాలర్లు పోసేవాళ్లు కూడా ఈ పట్టిక తెరిచి చూడరు, ఎందుకో నాకు అర్థం కాదు.

రెండోది, ప్రతి కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉండాలని ఫెడరల్ చట్టమే చెబుతుంది. కొన్నిటిలో జీపీఏ, స్కోరు కూడా అడుగుతాయి, అలాంటివి మెరిట్ అంచనా కూడా చెబుతాయి.

మూడోది, కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీలు పట్టికే పెట్టేస్తాయి, ఇంత జీపీఏ, ఇంత స్కోరు ఉంటే ఇంత అని. యూనివర్సిటీ ఆఫ్ అలబామా ఇందులో పేరున్నది, బయటి రాష్ట్రాల పిల్లలకూ ఇస్తుంది. టెక్సస్‌లో ఇంకో వెసులుబాటు ఉంది, పోటీ మీద వచ్చిన కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఉన్న బయటి రాష్ట్రం విద్యార్థికి ప్రభుత్వ యూనివర్సిటీ ఇన్ స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్రం పిల్లలు కట్టే తక్కువ ఫీజు, వర్తింపజేయవచ్చు. అన్ని క్యాంపస్‌లూ దీన్ని ఒకేలా వాడవు, కాబట్టి అడిగి కనుక్కోండి.

కాలేజీల లిస్టు వేసేటప్పుడు మీ పిల్లల స్కోరు ఆ కాలేజీలో పై పాతిక శాతంలో పడేలా సగం కాలేజీలైనా ఉండాలి. కష్టంగా సీటు వచ్చే చోట మెరిట్ రాదు. కాలేజీ డబ్బిచ్చి పిలిచేది తనకు అవసరమైన పిల్లల్ని, బతిమాలి చేరేవాళ్లని కాదు.

మెరిట్, అథ్లెటిక్ రెండూ కలిపి తీసుకోవచ్చా?

డివిజన్ 1, 2లో తీసుకోవచ్చు, మొత్తం కలిపి కాలేజీ ప్రకటించిన ఖర్చు దాటకూడదు. నిజానికి కోచ్‌కి ఇలాంటి పిల్లలంటే ప్రాణం. అకడమిక్ డబ్బు సగం తెచ్చుకునే అమ్మాయి జట్టులోకి వస్తే ఆయన బడ్జెట్ ఆ మేరకు మిగులుతుంది, దాంతో ఇంకొకరిని తెచ్చుకుంటాడు. అందుకే కోచ్‌కి రాసే మొదటి మెయిల్లోనే జీపీఏ, శాట్ స్కోరు పెట్టమనేది. డివిజన్ 2ని మనవాళ్లు అసలు పట్టించుకోరు, ఈ కలిపి ఇచ్చే పద్ధతి బాగా నడిచేది అక్కడే.

నైన్త్ నుంచి ఏమేం చూసుకోవాలి?

తొమ్మిదో తరగతిలో చూసుకోవాల్సింది ఒక్కటే, కోర్సులు. డివిజన్ 1లో ఆడాలంటే ఎన్‌సీఏఏ ఆమోదించిన 16 కోర్ కోర్సులు ఉండాలి: ఇంగ్లిష్ నాలుగేళ్లు, ఆల్జీబ్రా 1 నుంచి పైకి లెక్కలు మూడేళ్లు, సైన్స్ రెండేళ్లు, సోషల్ రెండేళ్లు, మిగతావి వీటికి తోడు. వాటిలో 10 సీనియర్ సంవత్సరం (పన్నెండో తరగతి) మొదలయ్యేలోగా అయిపోవాలి, ఆ 10లో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లో ఉండాలి. కనీస జీపీఏ 2.3. మన పిల్లలకు ఆ జీపీఏ సమస్యే కాదు. సమస్య ఎక్కడొస్తుందంటే టోర్నమెంట్ల కోసం ఆన్‌లైన్ స్కూలుకి మార్చినప్పుడు. ఆ స్కూలు, ఆ కోర్సు ఆడే అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ జాబితాలో ఉందో లేదో చూడకుండా చేర్పిస్తే తర్వాత టెన్షన్ పడాలి. స్కూలు వాళ్లు ‘ఉంటుంది సార్’ అంటారు, మీరే సైట్‌లో వెతికి కళ్లతో చూడండి. ఎన్‌సీఏఏ 2023 నుంచి శాట్ అడగడం మానేసింది, కానీ అది ఆడే అర్హతకు మాత్రమే. మెరిట్ డబ్బు కావాలంటే స్కోరు ఉండాల్సిందే అనుకోండి, స్కోరు తప్పనిసరి కాదనే టెస్ట్ ఆప్షనల్ కాలేజీ అయినా సరే.

పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచి చాలా డివిజన్ 1 ఆటల్లో కోచ్‌లు నేరుగా పిల్లలతో మాట్లాడవచ్చు. ఆగస్టు 1 నుంచి అఫీషియల్ విజిట్లు. అందుకని ఆ వేసవికి ముందే వీడియో, టోర్నమెంట్ షెడ్యూల్, మార్కుల జాబితా రెడీగా ఉండాలి.

పదకొండో తరగతి అక్టోబర్‌లో పీశాట్, అంటే శాట్‌కి ముందు రాసే పరీక్ష. నేషనల్ మెరిట్ అనే దేశవ్యాప్త స్కాలర్‌షిప్ పోటీకి ఆ స్కోరే లెక్క, కటాఫ్ ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా ఉంటుంది, న్యూజెర్సీ ఎప్పుడూ పై వరుసలోనే. నేషనల్ మెరిట్ వాళ్లిచ్చే 2,500 డాలర్లు చూసి పెదవి విరవకండి, ఫైనలిస్ట్ అయితే అలబామా, యూటీ డాలస్ లాంటి కాలేజీలు ఇచ్చే ప్యాకేజీలో ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ అవుతుంది. సరిగ్గా పరీక్షకు ముందే టోర్నమెంట్ పడి, ముందురోజు రాత్రి నాలుగు గంటలు కారులో తిరిగొచ్చి, పిల్లాడు నిద్రమొహంతో పరీక్ష రాయడం ఎన్నో ఇళ్లలో జరిగేదే. ఆ ఒక్క టోర్నమెంట్ వదిలేయండి.

పన్నెండులో ఫ్యాఫ్సా మామూలుగా అక్టోబర్ 1న తెరుస్తారు. మెరిట్ గడువులు మాత్రం అడ్మిషన్ గడువుల కన్నా ముందే ఉంటాయి, చాలా చోట్ల నవంబర్ 1. జనవరి దాకా టైముందిలే అనుకుంటే సీటు వస్తుంది, డబ్బు రాదు.

కోచ్‌కి మెయిల్ ఎవరు రాయాలి? నేను రాస్తే ఏమవుతుంది?

పిల్లలే రాయాలి. తండ్రి రాసిన మెయిల్ కోచ్‌కి రెండో లైన్లోనే తెలిసిపోతుంది, ‘వీళ్లింట్లో నాలుగేళ్లు ఎవరితో మాట్లాడాల్సి వస్తుందో’ అని ఆయన భయం ఆయనది. మెయిల్ పొట్టిగా ఉండాలి. సబ్జెక్ట్ లైన్లో పేరు, గ్రాడ్యుయేట్ అయ్యే సంవత్సరం, యూటీఆర్, జీపీఏ. లోపల ఎక్కడ ఆడుతున్నారు, వచ్చే రెండు నెలల్లో ఏ టోర్నమెంట్లు, ఏం చదవాలనుకుంటున్నారు, ఆ కాలేజీయే ఎందుకు అన్నది ఒక వాక్యం, పూర్తి మ్యాచ్ వీడియో లింకు. మ్యూజిక్ వేసి, గెలిచిన పాయింట్లే అతికించిన వీడియో వద్దు, ఓడిపోతున్నప్పుడు మీ వాడి మొహం ఎలా ఉంటుందో కూడా కోచ్ చూడాలనుకుంటాడు. ఈతవాళ్లకు ఈ గొడవ లేదు, టైమే అంతా చెబుతుంది.

జవాబు రాకపోతే మూడు వారాలాగి కొత్త ఫలితంతో మళ్లీ రాయాలి. అప్పటికీ రాకపోతే వాళ్లకు ఆసక్తి లేదన్నమాట, వదిలేసి ముందుకెళ్లాలి.

డబ్బు గురించి కోచ్‌ని అడగడం బాగుండదేమో?

ఇది మన మొహమాటం. కోచ్ రోజూ అడిగించుకునే ప్రశ్న అది, ఆయనేమీ అనుకోడు. ఎప్పుడు అడగాలన్నదే ముఖ్యం. ఆసక్తి ఉందని ఆయన స్పష్టంగా చెప్పాక, విజిట్ అయ్యాక, పిల్లలే అడగవచ్చు: ‘నా అకడమిక్ రికార్డుతో ఇక్కడ ఎంత మెరిట్ వస్తుందో అడ్మిషన్స్ వాళ్లతో ప్రీ రీడ్ చేయించగలరా?’

ప్రీ రీడ్ అంటే, పదకొండో తరగతి అయ్యాక వేసవిలో కోచ్ మీ పిల్లల మార్కులు, స్కోరు, సీనియర్ ఇయర్‌లో తీసుకోబోయే కోర్సులు అడ్మిషన్ ఆఫీసుకి పంపి, సీటు వచ్చే అవకాశం ఎంతో ముందుగా చూపించుకోవడం. కొన్ని చోట్ల డబ్బు అంచనా కూడా ఇస్తారు. ‘బాగానే ఉంది’ అన్న జవాబుకీ, ‘ఏ అడ్డూ లేదు’ అన్న జవాబుకీ చాలా తేడా ఉంది, ఏది అన్నారో సరిగ్గా అడిగి రాసుకోండి. ఇంకో ప్రశ్న కూడా అడిగించండి: ‘ఈ ఏడాది మీరు ఎంతమందికి మద్దతు ఇస్తున్నారు, నేను అందులో ఉన్నానా?’ జవాబు నసిగితే మీరు లేరని అర్థం.

కోచ్ ఎర్లీ డెసిషన్ వేయమంటున్నాడు. వేయాలా?

డబ్బు తేలకుండా వేయకండి. ఎర్లీ డెసిషన్ అంటే సీటొస్తే చేరతామని ముందే కట్టుబడటం, ఆ తర్వాత నాలుగు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం పోతుంది. చదువులో పేరున్న డివిజన్ 3 కాలేజీల్లో కోచ్ మద్దతు చాలాసార్లు ఎర్లీ డెసిషన్ వేస్తేనే. పూర్తి ఫీజు కట్టినా ఫర్వాలేదు అనుకునే ఇల్లయితే వేయండి. మెరిట్ మీద ఆధారపడే ఇల్లయితే ఆ మాట కోచ్‌కి చెప్పేయండి, కాలేజీ ఎంచుకోవడానికి గడువైన మే 1 దాకా మేం పోల్చుకోవాలి అని. కొందరు కోచ్‌లు ఒప్పుకుంటారు, కొందరు మీ చోటు ఇంకొకరికి ఇస్తారు. రెండోది జరిగితే బాధే, కానీ నాలుగేళ్ల అప్పు కన్నా చిన్న బాధ.

మేం ఇంకా హెచ్1బీ మీదే ఉన్నాం, గ్రీన్ కార్డు క్యూలో. పిల్లలు హెచ్4. ఇవన్నీ మాకు వర్తిస్తాయా?

కొన్ని వర్తిస్తాయి. ఫెడరల్ సాయం హెచ్4 పిల్లలకు రాదు, అది సిటిజన్లకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, ఇంకా కొన్ని ప్రత్యేక వర్గాలకే. అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌కి పౌరసత్వంతో సంబంధం లేదు, లేకపోతే ఆ స్పెయిన్ కుర్రాళ్లు ఎలా వస్తారు? కాలేజీ సొంత మెరిట్ చాలాచోట్ల అందరికీ ఉంటుంది, కొన్నిచోట్ల ఇంటర్నేషనల్ విద్యార్థులకు వేరే జాబితా పెడతారు, మీ పిల్లల్ని ఏ జాబితాలో వేస్తారో మెయిల్లో రాతపూర్వకంగా అడగండి. నేషనల్ మెరిట్‌కి అమెరికాలోనే హైస్కూల్ చదివే పిల్లలకు పౌరసత్వ షరతు లేదు, అది అమెరికా బయట చదివేవాళ్లకే.

21 నిండితే హెచ్4 పోతుంది, అంటే డిగ్రీ మధ్యలో ఎఫ్1కి మారాల్సి రావచ్చు. అలా మారితే ఇన్ స్టేట్ ఫీజు ఉంటుందా, స్కాలర్‌షిప్ షరతులు మారతాయా అన్నది చేరకముందే కాలేజీని అడగాలి. చేరాక అడిగితే జవాబు ఏదైనా మనం చేయగలిగింది ఉండదు. ఇంకోటి, ఎన్ఐఎల్ డబ్బు, అంటే ఆటగాడు తన పేరు, ఫొటో ప్రకటనలకు వాడుకోనిచ్చి సంపాదించేది. తోటి ఆటగాడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ ఎనర్జీ డ్రింక్ పట్టుకుని ఫొటో పెట్టి డబ్బు తీసుకున్నాడని మనవాడూ తీసుకుంటే, హెచ్4కీ ఎఫ్1కీ అది అనుమతి లేని పని కింద లెక్కకు రావచ్చు. కాలేజీ నేరుగా ఇచ్చే డబ్బు విషయంలోనూ అంతే. ఏ కాగితం మీదైనా సంతకానికి ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించండి, ఇందులో పిసినారితనం పనికిరాదు.

మా అమ్మాయి బ్యాడ్మింటన్ ఆడుతుంది. అబ్బాయి చెస్. ఏమైనా ఉందా?

బ్యాడ్మింటన్ ఎన్‌సీఏఏలో లేదు. క్రికెట్ లేదు. ఇవి దరఖాస్తులో రాసుకోవడానికి బాగుంటాయి, కోచ్ పిలిచే దారి మాత్రం కాదు. ఈ మాట చెబితే చాలా ఇళ్లలో నిశ్శబ్దం, ఎందుకంటే అప్పటికే ఏళ్ల తరబడి కోచింగ్ ఫీజులు కట్టి ఉంటారు. టేబుల్ టెన్నిస్ కూడా ఎన్‌సీఏఏ ఆట కాదు గానీ, ఫోర్ట్ వర్త్‌లోని టెక్సస్ వెస్లియన్ యూనివర్సిటీ దానికి పేరున్నది, స్కాలర్‌షిప్‌లు కూడా ఇస్తూ వచ్చింది.

చెస్ సంగతి వేరు. యూటీ డాలస్, టెక్సస్ టెక్, సెయింట్ లూయిస్ యూనివర్సిటీ, వెబ్‌స్టర్, యూటీ రియో గ్రాండ్ వ్యాలీ లాంటి చోట్ల చెస్‌కి స్కాలర్‌షిప్‌లు ఇచ్చి జట్లు నడిపారు. అయితే అక్కడ పోటీ గ్రాండ్‌మాస్టర్లతో. రేటింగ్ 1900 ఉంటే చెస్ గురించి ఎస్సే బాగా రాయించండి.

హైదరాబాద్, వైజాగ్ నుంచి నేరుగా వచ్చే పిల్లలకు?

దారి ఉంది, మనవాళ్లు నడిచిన దారే. సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడాడు, హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడింది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) జూనియర్ ర్యాంకు, యూటీఆర్ ఉంటే కోచ్‌లకు దేశంతో పనిలేదు. జాగ్రత్త పడాల్సింది మార్కుల లెక్క దగ్గర, తొమ్మిదో తరగతి నుంచి మెమోలన్నీ ఎలిజిబిలిటీ సెంటర్‌కి కావాలి. ఇంటర్ అయ్యాక ‘రెండేళ్లు ప్రో ఆడి చూద్దాం’ అనుకుంటే ఆలస్యంగా చేరినందుకు ఆడే సీజన్లు కోల్పోవచ్చు.

డివిజన్ 1లో ఆడుతూ ఇంజనీరింగ్, ప్రీమెడ్ చేయగలరా?

చేసేవాళ్లున్నారు. నిబంధన ప్రకారం సీజన్లో ప్రాక్టీస్ వారానికి 20 గంటలే, కానీ ప్రయాణం, ఫిజియో, బస్సులో కూర్చునే టైము అందులో లెక్కకు రావు. మధ్యాహ్నం ల్యాబ్, మధ్యాహ్నం ప్రాక్టీస్ ఢీకొంటాయి. విజిట్‌కి వెళ్లినప్పుడు జట్టులో ఇంజనీరింగ్ చేస్తున్నవాళ్లు ఎవరని అడగండి. పదిమందిలో ఒక్కరూ లేకపోతే అదే జవాబు.

గాయమైతే, లేదా రెండేళ్లకు ఆట మానేస్తే?

మెరిట్ అయితే ఆట మానేసినా ఉంటుంది, జీపీఏ నిలబెట్టుకుంటే చాలు, తరచుగా 3.0 చుట్టుపక్కల అడుగుతారు. ఆ అంకె ఎంతో అవార్డ్ లెటర్‌లో చూసుకోండి, ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎంతమందిని ముంచిందో సీనియర్లను అడగండి. అథ్లెటిక్ డబ్బు ఒప్పందం ఒక ఏడాదికా, నాలుగేళ్లకా, గాయమైతే ఏమవుతుంది, కోచ్ మారిపోతే ఏమవుతుంది అన్నది కాగితం మీద ఏముందో అదే లెక్క. ఫోన్లో చెప్పినవి లెక్కలోకి రావు. పిల్లల్లో చాలామందికి 20 ఏళ్లు వచ్చేసరికి ఆట మీద మనసు మారుతుంది, అప్పుడు ‘మానేస్తే ఫీజు ఎలా’ అన్న భయంతో ఆడటం కన్నా నరకం లేదు. నేను మెరిట్ వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే.

రిక్రూటింగ్ సర్వీసుకి డబ్బు కట్టాలా?

వేల డాలర్లు తీసుకుని వాళ్లు చేసే పనిలో ఎక్కువ భాగం, అంటే మెయిళ్లు, ప్రొఫైల్, కాలేజీల లిస్టు, పిల్లలే ఒక వేసవిలో చేసుకోగలరు. విదేశం నుంచి వచ్చేవాళ్లకు కొంత ఉపయోగం ఉండొచ్చు. ‘స్కాలర్‌షిప్ గ్యారంటీ’ అన్నవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

స్కాలర్‌షిప్ వస్తే 529లో (పిల్లల చదువు కోసం పన్ను రాయితీతో దాచే ఖాతాలో) దాచిన డబ్బు ఏం చేయాలి? ట్యాక్స్ ఉంటుందా?

ట్యూషన్, ఫీజులు, పుస్తకాలకు పోయిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. హాస్టల్, భోజనానికి వాడిన భాగం పిల్లల ఆదాయం కింద లెక్కకొస్తుంది. ఫుల్ రైడ్ వచ్చిందని పార్టీ ఇచ్చినవాళ్లు ఏప్రిల్లో ఇది చూసి ఉలిక్కిపడతారు. 529 నుంచి పన్ను లేని స్కాలర్‌షిప్ ఎంతుందో అంత మేరకు 10 శాతం పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు, లాభం మీద మాత్రం మామూలు పన్ను కట్టాలి. తొందర లేకపోతే అలాగే ఉంచి మాస్టర్స్‌కి వాడండి, లేదా చిన్నమ్మాయి పేరుకి మార్చండి.